రోమనిర్మూలన చికిత్స: చర్మమునకు ఈయవలసిన గడువు

పై పెదవిమీదనో గడ్డము క్రిందనో నాలుగు బిరుసు వెంట్రుకలు మొలిచిన స్త్రీ పడు మనోవ్యథ పరిహాసమునకు తగినది కాదు. ఆమె అద్దము ముందర నిలుచుండి శ్రావణముతో వానిని లాగివేయును. కొన్ని వారములకు అవి మరల తల యెత్తును. దారముతో తీయించుకొనును, మరల అదే కథ. తుదకు, విద్యుత్తు సాయమున వెంట్రుకను మొదలంట నిర్మూలించు పద్ధతి యొకటి కలదని ఎవరో చెప్పగా విని, ఆ చికిత్స చేయువారికడకు పోవును. అచ్చట అడుగు మొదటి ప్రశ్న ఖర్చెంత యని. రెండవ ప్రశ్న ఎన్నాళ్లలో ముగియునని. ఇంట పెండ్లి మాటలు నడచుచున్న పిల్లయైనచో ఈ రెండవదే మొదటి ప్రశ్న యగును. "వచ్చే నెలలో పెళ్ళిచూపులండీ, అప్పటికి అన్నీ తీసేయాలి" అని తల్లి తొందరించును. చికిత్స చేయువారు మెత్తని మనసు కలవారైనను, డబ్బుపై ఆశ కలవారైనను, అట్లే కానిండని ఒప్పుకొందురు.

ఈ తొందరను గూర్చియే నేను ముఖ్యముగా చెప్పదలచితిని. ఎలక్ట్రాలిసిస్ అను ఈ చికిత్స మంచిదే. కాని వెంట్రుకలు పోయి వాని స్థానమున నల్లని మచ్చలో, సూదిమొనయంత గుంటలో మిగిలిన ముఖములను చూచినచో, వానిలో చాలభాగము ఒక సారికిని మరియొక సారికిని నడుమ చాలినంత వ్యవధి ఈయకుండుటచేతనో, ఒకే సారి ఒకే చోట మితిమీరి పనిచేయుటచేతనో కలిగినవని తెలియును. వెంట్రుకను ఎప్పుడైనను తీయవచ్చును. మచ్చను తీయుట అంత సులభము కాదు.

ఈ పద్ధతి సౌందర్యము కొరకు పుట్టినది కాదు, కంటి బాధ కొరకు పుట్టినది. రెప్ప వెంట్రుకలు కొన్ని లోపలికి తిరిగి కనుగ్రుడ్డును ఒరయుచుండు వ్యాధి యొకటి కలదు. పెరికిన కొలదియు అవి మరల మొలచుచు, కాలక్రమమున చూపునకే ముప్పు తెచ్చును. అమెరికాలో సెయింట్ లూయిస్ నగరమున చార్లెస్ మిషెల్ అను నేత్రవైద్యుడు సన్నని సూదిని వెంట్రుక ప్రక్కనుండి దాని మొదటివరకు దించి, బ్యాటరీనుండి విద్యుత్తును ప్రసరింపజేసి, ఆ వెంట్రుక మరల మొలవకుండ చేయగలిగెను. 1875లో ఆయన ఈ సంగతిని ప్రకటించెను. చర్మవైద్యులు దానిని అందుకొని ముఖముమీది వెంట్రుకలకు ప్రయోగించిరి. నేటికిని మూలసూత్రము అదియే.

ఆ సూత్రమేమో కొంచెము తెలిసికొన్నగాని గడువు ఎందుకో అర్థము కాదు. ప్రతి వెంట్రుకయు చర్మములో ఏటవాలుగా దిగియున్న సన్నని గొట్టమువంటి రోమకూపమునుండి పుట్టును. ఆ గొట్టపు అడుగున, చర్మమునకు కొన్ని మిల్లీమీటర్ల లోతున, రక్తనాళములతో కూడిన చిన్న మొగ్గ యుండును. వెంట్రుకకు ఆహారమందించునది అదియే. అది నశించినచో చాలునని చిరకాలము తలచిరి. కాని 1990లో అమెరికా శాస్త్రజ్ఞులు కొందరు, రోమకూపములో నూనెగ్రంథికి దిగువగా గొట్టము కొంచెము ఉబ్బియుండు తావున మూలకణములు కలవని, వెంట్రుకను మరల మరల పుట్టించు బీజము అచ్చట నున్నదని కనుగొనిరి. కావున పూర్తి ఫలితము రావలెనన్న అడుగున నున్న మొగ్గయు, నడుమ నున్న ఈ కణములును రెండును నశింపవలెను. ఇది కొంత లోతుగా, కొంత వెడల్పుగా జరుగు విధ్వంసమే. పైకి కనబడకపోయినను లోపల అది గాయమే యని మరువరాదు.

ఈ గాయము రెండు విధములుగా చేయబడును. మొదటిది మిషెల్ వాడిన ఏకముఖ విద్యుత్తు. సూది ఋణధ్రువముగా నుండును. రోగి చేతిలో పట్టుకొను లోహపు కడ్డీ ధనధ్రువము. మన శరీరమందలి తేమ ఉప్పునీరే గనుక, సూది చుట్టును ఉదజని బుడగలుగా వెలువడి, కాస్టిక్ సోడా తయారగును. సబ్బుల కార్ఖానాలో కొవ్వును కరగించు క్షారమే ఇది. విద్యుత్తు ఆపిన పిమ్మటను ఆ క్షారము కొంతసేపు రోమకూపములో పనిచేయుచునే యుండును. రెండవది 1920ల దశాబ్దములో ఫ్రాన్సుదేశపు లియాన్ నగరమున ఆన్రీ బోర్డియే అను వైద్యుడు ప్రవేశపెట్టిన పద్ధతి. ఇందు అధిక పౌనఃపున్యముగల విద్యుత్తు కణజాలములోని తేమను వేడెక్కించును. కోడిగ్రుడ్డులోని తెల్లసొన ఉడికి గట్టిపడినట్లు కణములలోని మాంసకృత్తులు గడ్డకట్టును. మొదటిది నెమ్మది, వెంట్రుకకు అర నిమిషమైనను, ఒక్కొకప్పుడు అంతకంటె ఎక్కువయైనను పట్టును. రెండవది ఒక సెకను లోపల ముగియవచ్చును. ఈ రెండింటిని కలిపిన మిశ్రమ పద్ధతికి హింకెల్, సెయింట్ పియెర్ అను ఇద్దరు 1948లో అమెరికాలో పేటెంటు పొందిరి. చికిత్సాలయములలో నేడును ఈ మూడు విధములు వాడుకలో నున్నవి. ఏది వాడినను చర్మము మానవలసిన క్రమము ఒక్కటే.

ఆ క్రమమును చూతము. సూది తీసిన కొన్ని నిమిషములకే ఆ చోటు ఎర్రబడి, ప్రతి కూపము చుట్టును దోమకాటువంటి చిన్న దద్దు లేచును. దెబ్బ తగిలిన చోటికి రక్తము పరుగెత్తుకొని వచ్చుటయే దీనికి కారణము. ఇది భయపడవలసినది కాదు. సామాన్యముగా కొన్ని గంటలలో, సుకుమారమైన చర్మమైనచో ఒకటి రెండు రోజులలో తగ్గును. ఆ లోపల తెల్లకణములు వచ్చి చచ్చిన కణములను తొలగించు పని మొదలిడును. రెండవ, మూడవ దినమున కొన్ని కూపముల నోట గసగసపు గింజయంత పక్కు కనబడవచ్చును. అది లోపలినుండి ఊరిన రసి యెండి గట్టిపడినది. అన్ని వెంట్రుకలకును పక్కు కట్టదు. కట్టినచో అది ప్రకృతి వేసిన కట్టు. దాని క్రింద చుట్టుప్రక్కల కణములు జరిగి వచ్చి లోటును పూడ్చుచుండును. వారము, పది దినములలో అది తనంత తానే రాలిపోవును. దానిని గోటితో గిల్లినచో క్రింద ఇంకను గట్టిపడని లేతచర్మము ఊడి వచ్చి, గాయము మొదటికి వచ్చును. ముఖముమీది గుంటలలో ఎన్నో సూది చేసినవి కావు, గోరు చేసినవి.

ముఖమునకు ఒక భాగ్యము కలదు. అచ్చట రక్తప్రసారము హెచ్చు, రోమకూపములును దట్టము. గాయము పూడ్చు క్రొత్త కణములలో చాలభాగము చుట్టునున్న కూపములనుండియే వచ్చును. అందువలన ముఖముమీది గాయము కాలిమీది గాయముకంటె త్వరగా మానును. ముఖముమీద వారమునకు నెమ్మదించునది, మోకాలి దిగువన రెండు మూడు వారములు తీసికొనవచ్చును. మధుమేహము కలవారికి మరికొంత ఆలస్యము.

పక్కు రాలి, ఎరుపు తగ్గి, చర్మము నునుపైనంతనే మానినదని అందరును అనుకొందురు. పైచర్మము మానిన మాట నిజమే. కాని లోపలి పొరలో పని అప్పటికి సగమైనను కాదు. చచ్చిన కూపము స్థానమున తంతువుల వల అల్లబడవలెను. ఆ అల్లిక మొదట చిందరవందరగా నుండి, తరువాత వారముల కొలది, నెలల కొలది సర్దుకొనుచు వచ్చును. ఇంటికి సున్నము వేసిన మరునాడు గోడ తెల్లగా కనబడును. కాని లోపలి తడి ఆరుటకు ఎన్ని దినములు పట్టునో ఇల్లు కట్టించినవారు ఎరుగుదురు. ఆ తడి గోడకు మేకు కొట్టినచో ఏమగునో, ఆరని చర్మముపై మరల సూది దింపినచో అదియే యగును.

ఇచ్చట ఒక విషయము స్పష్టముగా చెప్పవలెను. ఒక వెంట్రుక ప్రక్కనే మరియొక వెంట్రుక, దాని ప్రక్కనే ఇంకొకటి, ఇట్లు వరుసగా ఒకే కూర్చుండులో తీసినచో, ఒక్కొక్క సూది కలిగించిన వేడియో క్షారమో తన చుట్టు వ్యాపించి ప్రక్క దానితో కలిసిపోవును. అప్పుడు పది చిన్న గాయములకు బదులు లోపల ఒక పెద్ద గాయమగును. పెద్ద గాయము మచ్చ లేకుండ మానదు. పై పెదవి ఇందుకు మిక్కిలి ప్రమాదకరమైన తావు. అచ్చట చర్మము పలుచన, వెంట్రుకలు దట్టము, రోగికి తొందర ఎక్కువ. అందుచేత నేర్పరియైనవారు ఒక వెంట్రుక తీసి, ప్రక్క దానిని విడిచి, కొంత దూరమునకు పోయి మరియొకటి తీయుదురు. పెదవిమీద కొన్ని, గడ్డముమీద కొన్ని, మరల చెంప ప్రక్కన కొన్ని. విడిచిన వానిని తరువాతి సారి చూచుకొందురు. దీనిని చూచి పని సగములో వదలినారని రోగి సణుగును. ఆ వదలుటయే నేర్పు. వెంట్రుక పట్టు విడిచి జారి రాకపోయినచో అదే కూపములో అదే పూట రెండవ సారి, మూడవ సారి సూది దింపుటయు తగదు.

మరి ఎన్నాళ్లకు ఒకసారి పోవలెను? ముఖమైనచో, చికిత్స చేసిన ఆ చోటనే మరల పనిచేయుటకు పక్కులన్నియు వాటంతటవి రాలి, ఎరుపును నొప్పియు పూర్తిగా పోయియుండవలెను. ఇది కొందరికి ఒక వారము, కొందరికి రెండు వారములు, కొందరికి మూడు. క్యాలెండరు చూచి కాక, చర్మము చూచి నిర్ణయింపవలెను. ఆ నడుమ వేరొక చోట, అనగా గడ్డమునకు చేసినవారు చెంపకు చేయించుకొనుటకు అడ్డు లేదు. తొలి కూర్చుండు మాత్రము ఎవరికైనను చిన్నదిగా, మరుగైన తావున కొద్ది వెంట్రుకలతో జరుగవలెను. రెండు మూడు వారములు ఆగి ఆ చర్మము ఎట్లు మానుచున్నదో చూచిన పిమ్మటనే ముఖముపై పూర్తి పని మొదలుపెట్టవలెను. ఒక్కొక్కరి చర్మము ఒక్కొక్క విధము. ముందుగా అడిగి తెలిసికొనుటకు వేరు మార్గము లేదు.

ఇది చర్మము చెప్పు గడువు. వెంట్రుక చెప్పు గడువు వేరొకటి కలదు. మల్లెపొద వద్ద నేడు విచ్చిన పూలన్నియు కోసితిమి. రేపు ఉదయము చూడగా మరల పూలున్నవి. నిన్న కోసినవే మరల పూసినవని ఎవరును అనరు. నిన్న మొగ్గగా నున్నవి నేడు విచ్చినవని అందురు. ముఖముమీది వెంట్రుకల విషయములో మాత్రము ఈ వివేకము మనకు తోచదు. ప్రతి రోమకూపమును కొంతకాలము వెంట్రుకను పెంచి, కొంతకాలము ఊరక విశ్రమించును. అన్నియు ఒకేసారి పెంచవు, ఒకేసారి విశ్రమింపవు. పాఠ్యగ్రంథములలోని లెక్క ప్రకారము పై పెదవిమీది వెంట్రుక సుమారు 4 నెలలు పెరిగి, సుమారు 6 వారములు విశ్రమించును. గడ్డముమీది వెంట్రుకకు ఎదుగుదల దాదాపు ఒక సంవత్సరము, విశ్రాంతి సుమారు 10 వారములు. కావున నేడు అద్దములో కనబడు వెంట్రుకలన్నియు తీసివేసినను, చర్మము క్రింద నిద్రించుచున్నవి కొన్ని వారములకు మేల్కొని పైకి వచ్చును. అవి క్రొత్తవి. వానిని చూచి చికిత్స పనిచేయలేదని నిరాశపడి మరుదినమే పరుగెత్తుటవలన లాభము లేదు. వైద్యుని నిందించుటవలనను లాభము లేదు.

అందుచేత ఎంత ధనము వెచ్చించినను, ఎంత గొప్ప యంత్రము తెచ్చినను, ఒక ముఖముమీది పని ఒక నెలలో ముగియుట అసంభవము. రావలసిన వెంట్రుకలు ఇంకను రాలేదు గనుక! మొదట రెండు వారములకొకసారి, పల్చబడిన పిమ్మట నెలకొకసారి, తరువాత రెండు మూడు నెలలకొకసారి, ఇట్లు కూర్చుండుల మధ్య ఎడము పెరుగుచు పోవుటయే చికిత్స సరిగా జరుగుచున్నదనుటకు గుర్తు. గడ్డమునకు మొత్తము మీద ఏడాది, ఏడాదిన్నర పట్టుట మామూలు. కొందరికి అంతకంటె ఎక్కువ పట్టును. వచ్చే వైశాఖములో వివాహము తలపెట్టినవారు ఈ వైశాఖములోనే మొదలుపెట్టుట మేలు. పెండ్లికి ముందు నెల ముఖముపై సూది తగులనీయకుండుట మరియు మేలు. పెండ్లికూతురును చేయునాడు నూనె రాచి, పసుపుతో సున్నిపిండితో నలుగు పెట్టుదురు గదా. ఆ రాపిడికి ఆరని గాయములు ఒకటి రెండున్నను చాలు, పీటలమీద కూర్చుండు నాటికి ముఖము ఎర్రబడి యుండును.

నడుమ కాలములో పైకి వచ్చు వెంట్రుకల మాట ఏమని కొందరు అడుగుదురు. వానిని కత్తెరతో చర్మము వరకు కత్తిరించుకొనవచ్చును. చర్మము మానియున్నచో గొరుగుకొనినను తప్పు లేదు. గొరిగినచో వెంట్రుక ముదురునని మన యిండ్లలో గట్టి నమ్మకము. ఆ సెయింట్ లూయిస్ నగరమునందే మిల్డ్రెడ్ ట్రాటర్ అను శరీరశాస్త్రజ్ఞురాలు శ్రద్ధతో కొలచి చూచి, గొరుగుటవలన వెంట్రుక రంగుకాని లావుకాని వేగముకాని మారదని 1928లోనే తేల్చెను. కాని లాగుట, దారముతో తీయించుట, మైనముతో ఊడబెరుకుట మాత్రము కూడదు. సూదికి దారి చూపునది ఆ వెంట్రుకయే. దానిని పెరికివేసినచో కూపము నోరు కనబడదు. ఆ వెంట్రుక మరల కనబడువరకు కొన్ని వారముల కాలము వ్యర్థమగును.

ఇప్పుడు మన తెలుగువారి చర్మమునకు ప్రత్యేకముగా సంబంధించిన మాట. ఈ చికిత్సను గూర్చిన గ్రంథములు తొలుత తెల్లచర్మమువారి దేశములలో వ్రాయబడినవి. వారికి ఎరుపు బాధ. మనకు నలుపు బాధ. చామనచాయ చర్మములో రంగునిచ్చు కణములు మిక్కిలి చురుకైనవి. చిన్న దెబ్బ తగిలినను, మొటిమ గిల్లినను అవి రెచ్చిపోయి రంగును అధికముగా పోయును. గాయము మానిపోయినను దాని గుర్తుగా గోధుమ వన్నె చుక్క మిగులును. రంగు పైపొరలో నిలిచినచో కొద్ది నెలలలో తేలిపోవును. క్రింది పొరలోనికి జారినచో సంవత్సరములు నిలువవచ్చును. ఆ చుక్క ఇంకను పోకముందే దాని ప్రక్కన మరల మరల మంట రేపుచుండుటయు, ఎండ తగులనిచ్చుటయు దానిని స్థిరపరచును. బెజవాడ ఎండలను గూర్చి నేను చెప్పనక్కరలేదు. చికిత్స జరుగు కాలమంతయు గొడుగు కాని పైట చెరగు కాని ముఖమునకు నీడగా నుండవలెను. చర్మము మానిన పిమ్మట ఎండనుండి కాపాడు సన్‌స్క్రీన్ లేపనము, 30 లేక అంతకు పైబడిన అంకె గలది, రాచుకొనవలెను. రెండు వారములలో పక్కులు రాలినను చుక్కలు నల్లగా నిలిచియున్నవని తోచినచో గడువును మరి రెండు వారములు పొడిగించుట మనవంటి చర్మమునకు నష్టము కాదు, లాభము.

ఇంటి వైద్యములు ఇచ్చట కొంత చిక్కు తెచ్చును. చికిత్స నుండి వచ్చిన వెంటనే శుభ్రమైన గుడ్డలో చుట్టిన మంచుముక్కను కొన్ని నిమిషములు అద్దుట మంచిది. మొదటి ఒకటి రెండు రోజులు ఆ చోటును చేతితో తాకరాదు. పౌడరు, స్నో మొదలగునవి పూయరాదు. చెమట పట్టు పనులకు దూరముగా నుండవలెను. చల్లని శుభ్రమైన నీటితో మెల్లగా కడిగి, రుద్దక, మెత్తని గుడ్డతో అద్దవలెను. పసుపు మన పెద్దల దృష్టిలో సర్వరోగనివారిణి. అయినను డబ్బాలోని పసుపుపొడి శుద్ధమైనదని చెప్పలేము. అంతకంటె ముఖ్యమైన దోషమొకటి కలదు: పసుపు రంగు చర్మముపై నిలిచి ఎరుపును కప్పివేయును, గాయము మానినదో లేదో తెలియదు. నిమ్మరసము అసలే కూడదు. నిమ్మరసము పడిన చర్మమునకు ఎండ తగిలినచో అదియే కాలినట్లు నల్లబడును.

అన్నిటికంటె హాని చేయునది మచ్చలు పోవునని, తెల్లబడుదురని చెప్పి మందుల దుకాణములో చేతికిచ్చు కొన్ని లేపనములు. వానిలో బలమైన స్టెరాయిడ్ మందు కలిసియుండును. మొదటి వారములో ముఖము మెరయును. నెలల తరబడి వాడినచో చర్మము పలుచనై, నరములు కనబడి, మొటిమలు లేచును. చిత్రమేమనగా, ముఖముమీద వెంట్రుకలు మొలుచుటయు ఆ మందు గుణములలో ఒకటి! సూదితో ఒక వంక వెంట్రుక తీయించుకొనుచు, వేరొక వంక గొట్టములోని మందుతో వెంట్రుక మొలిపించుకొనుచున్నవారు కలరు. ఇట్టి స్టెరాయిడ్ లేపనములను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని 2018లో భారత ప్రభుత్వము నియమము చేసెను. అయినను అడిగినవారికి దొరకుచునే యున్నవి.

తొందర ఎంతటి హాని చేయగలదో తెలుపు చరిత్ర యొకటి కలదు. 1920ల దశాబ్దములో న్యూయార్కు వైద్యుడు ఆల్బర్ట్ గైజర్ "ట్రికో" అను ఎక్స్-రే పద్ధతిని ప్రచారము చేసెను. సూది లేదు, నొప్పి లేదు. యంత్రము ముందు కొద్ది నిమిషములు కూర్చున్నచో వెంట్రుకలు రాలును. వేలకొలది స్త్రీలు ఆ కుర్చీలో కూర్చుండిరి. కొన్ని సంవత్సరములకు చర్మము ముడుతలు పడి, మచ్చలు దేలి, పుండ్లు పుట్టి, కొందరికి క్యాన్సరు కలిగెను. నేటి లేజరు పద్ధతి అట్టిది కాదు. తగినవారి చేతిలో అది మేలైన సాధనమే. కాని అది వెంట్రుకలోని నల్లరంగును పట్టుకొని పనిచేయును గనుక నెరిసిన వెంట్రుకను ఏమియు చేయజాలదు. సన్నని నూగుమీద ప్రయోగించినచో ఒక్కొకప్పుడు ఉన్నదానికంటె ఎక్కువ మొలిచిన సందర్భములును కలవు. రంగుతో నిమిత్తము లేకుండ ఏ వెంట్రుకనైనను నిర్మూలించుట ఎలక్ట్రాలిసిస్ గొప్పతనము. దానికి మూల్యము ఓపిక.

సూదిని గూర్చి ఒక్క మాట. కామెర్లు కలిగించు బి, సి వైరసులును, ఎయిడ్స్ వైరసును ఒకరి రక్తమునుండి మరియొకరికి సూది ద్వారా చేరగలవు. మూసియున్న పొట్లమును మన యెదుట విప్పి క్రొత్త సూది తీసినగాని కుర్చీలో కూర్చుండరాదు. స్పిరిటుతో తుడిచితిమన్నచో చాలదు. గుండెకు పేస్‌మేకరు అమర్చుకొన్నవారు తమ వైద్యుని అనుమతి లేనిదే ఈ చికిత్సకు పోరాదు. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుచున్నవారును, చెవి కుట్టిన చోటనో రొమ్ముమీదనో గాయము మానిన పిమ్మట గడ్డవలె లేచిన మచ్చ, కీలాయిడ్ అనునది, ఉన్నవారును ముందుగా చర్మవైద్యునితో ఆలోచింపవలెను.

వెంట్రుకలతో పాటు నెలసరి క్రమము తప్పుచున్నను, బరువు పెరుగుచున్నను, మొటిమలు విడువకున్నను సూదికి ముందు వైద్యపరీక్ష అవసరము. 1935లో చికాగో వైద్యులు స్టైన్, లెవెంథాల్ అనువారు వర్ణించిన అండాశయ వ్యాధి, నేడు పి.సి.ఓ.ఎస్. అని వాడుకలో నున్నది, మన ఆడపిల్లలలో అరుదు కాదు. శరీరములో పురుష హార్మోను హెచ్చుగా నుండగా నూగుగా నున్న రోమములు ఒకదాని వెంట ఒకటి బిరుసెక్కుచునే యుండును. ఆ మూలమునకు చికిత్స జరుగనిదే పైన ఎంత తీసినను పని ముగియదు. గొంతు బొంగురుపోయి, కొద్ది నెలలలోనే వెంట్రుకలు ముమ్మరించినచో అసలే ఆలస్యము చేయరాదు.

చికిత్స తరువాత మూడవ దినమునుండి నొప్పి తగ్గుటకు బదులు పెరిగినను, చీము పట్టినను, తేనెరంగు పక్కులు చికిత్స జరుగని తావులకు ప్రాకినను, పెదవి అంచున నీటిపొక్కులు గుంపుగా లేచినను అది మామూలు మానుట కాదు, వైద్యునికి చూపవలెను. కొన్ని వారముల పిమ్మట సూది దిగిన చోట గట్టి గుల్ల లేచి పెరుగుచున్నచో తక్కిన కూర్చుండులన్నియు నిలిపివేయవలెను.

మరియొక చిన్న అలవాటు చేసికొన్నచో మేలు. వాయిదా నాటి ఉదయము కిటికీ వద్ద పగటి వెలుతురులో అద్దము పట్టుకొని, పోయినసారి పని జరిగిన చోటును చూచుకొనవలెను. దీపపు వెలుతురులో ఎరుపు దాగును. వేలితో మెల్లగా తాకినప్పుడు గరుకు తగిలినచో పక్కు ఇంకను ఉన్నదని అర్థము. అట్లున్నచో ఆనాటి ప్రయాణము మానుకొని, మరి వారము దినములు ఆగి వచ్చెదనని కబురు పంపవలెను. తెలిసి పోయినను, పని తెలిసిన చికిత్సకుడు ఆ చోటును చూచి సూది ముట్టకయే తిరిగి పంపివేయును.